కుర్చీలో కూర్చున్నాక ఏం చేశాడో రాయి

తమ్ముడూ,

జర్మనీ నుంచి పారిపోయి అమెరికా చేరి అక్కడ మంత్రి దాకా ఎదిగిన కార్ల్ షుర్జ్ మీద నువ్వు రాసి పంపిన జీవితకథ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివేశా, చదివాక కోపం వచ్చింది, అది తగ్గకముందే రాస్తున్నా. ఇంగ్లిష్ నేర్చుకున్న భాగం బావుంది. ఫిలడెల్ఫియాలో న్యూస్ పేపర్ ముందేసుకోవడం, ఇంగ్లిష్‌లో ఉన్నది జర్మన్‌లోకి రాసుకుని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తిప్పి ఒరిజినల్‌తో సరిచూసుకోవడం, అక్కడ నాకు మనిషి కనిపించాడు.

కానీ జర్మనీలో, తిరుగుబాటు చేసి స్పాండావ్ జైల్లో పడ్డ తన ప్రొఫెసర్ కింకెల్‌ని తప్పించిన 1850 నాటి రాత్రికి అన్ని పేజీలెందుకయ్యా? అంతకుముందు రాస్టాట్ కోట మురుగుకాలవలోంచి తప్పించుకోవడం కూడా అంతే సాగదీశావు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆ తర్వాత ఇంకో 55 ఏళ్ళు బతికాడు. విస్కాన్సిన్‌లో లింకన్ కోసం జర్మన్ల ఓట్లు అడిగాడు, సివిల్ వార్‌లో జనరల్, మిస్సోరి నుంచి సెనేటర్, జర్మనీలో పుట్టి సెనేట్‌కి వెళ్ళిన మొదటివాడు. 1877 నుంచి 1881 దాకా ప్రెసిడెంట్ హేస్ దగ్గర ఇంటీరియర్ సెక్రటరీ, అంటే ప్రభుత్వ భూములు, అడవులు, ఆదివాసీ తెగల వ్యవహారాలు చూసే మంత్రి. ఆ నాలుగేళ్ళకి నువ్విచ్చింది ఒక్క వాక్యం, "నిజాయితీగా సేవలందించారు" అని!

ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే, ప్రజాసేవలో ఉన్నవాడి కథ కుర్చీలో కూర్చున్నాకే మొదలవుతుంది. ఏ ఫైలు మీద సంతకం పెట్టాడు, దేన్ని ఆపాడు, ఎవరి మనిషికి ఉద్యోగం ఇవ్వనన్నాడు, అది కావాలి. అప్పట్లో అక్కడ పార్టీ గెలిస్తే గుమాస్తా పోస్టుల దాకా పార్టీవాళ్ళే పంచుకునేవాళ్ళు. షుర్జ్ తన డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తాలకి పోటీపరీక్ష పెట్టాడు, ఆదివాసీ తెగల వ్యవహారాలు చూసే బ్యూరోలో అవినీతి మీద ఎంక్వైరీ వేయించాడు, ప్రభుత్వ అడవుల్లో కలప దొంగల వెంటపడ్డాడు. ఫెడరల్ ఉద్యోగాలకి మెరిట్ చట్టం వచ్చింది 1883లో, అంటే చట్టం రాకముందే ఇతను చేసి చూపించాడు. ఇది ఏ జైలు గోడకన్నా తక్కువ?

మొదట్లో నేను మా వైపు సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మీద రాశా. భూమి రికార్డులు ఆయన ఎలా సరిచేశారో ఊరూరా తిరిగి రైతుల్ని అడిగి రాసుకున్నా. ఒక వారపత్రికకి ఇస్తే ఎడిటర్ రికార్డుల భాగం మొత్తం కోసేసి, ఆయన చిన్నప్పుడు వరదలో ఏరు ఈదిన సంగతి మాత్రం వేశాడు, పాఠకులకి స్ఫూర్తి కావాలంట. పెద్దాయన అది చదివి "మరి నేను చేసిన పనేదీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచీ స్ఫూర్తి అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఇప్పుడు వీడియోలు చేసేవాళ్ళూ అదే అడుగుతున్నారు, నువ్వూ అదే రాస్తున్నావు.

ఇక నువ్వసలు ముట్టుకోనిది పోంకా అనే అమెరికా ఆదివాసీ తెగ సంగతి. 1877లో వాళ్ళని నెబ్రాస్కాలోని సొంత నేల నుంచి, ఆదివాసీ తెగలకని కేటాయించిన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఓక్లహోమా) తరిమారు. నిర్ణయం షుర్జ్ రాకముందుదే, కానీ తరలింపు జరిగింది అతని హయాంలో. అక్కడ జబ్బులతో జనం పోయారు. తెగ పెద్ద స్టాండింగ్ బేర్ కొడుకూ పోయాడు. వాడిని పూర్వీకుల నేలలో పూడ్చాలని 1879 జనవరి చలిలో శవాన్ని తీసుకుని ఆ తండ్రి బయల్దేరితే, అరెస్ట్ చేయించింది షుర్జ్ డిపార్ట్‌మెంటే. ఒమాహాలో జడ్జి డండీ, చట్టం ముందు ఇతనూ మనిషేనని తీర్పిచ్చి వదిలిపెట్టాడు. అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూనే షుర్జ్ తెగని వెనక్కి పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు. సొంత దేశంలో ఉండలేక పారిపోయి వచ్చినవాడు ఇంకొకళ్ళని సొంత ఊరికి వెళ్ళనివ్వలేదు! ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు, నీకెలా పట్టిందో తెలీదు. ఆయన పేరు చెడుతుందని వదిలేశావా? ఆయన చేసిన మంచి పని చెరగదు, ఇదీ చెరగదు, రెండూ ఒకే టేబుల్ మీద జరిగాయి.

దేశం తప్పులో ఉంటే సరిదిద్దాలి అని 1872లో సెనేట్‌లో ఆయనన్న మాట నీ మొదటి పేజీలో ఉంది. దాన్ని తీసి పోంకా చాప్టర్‌లో పెట్టు. స్పాండావ్‌ని మూడు పేజీలకి తగ్గించు. ఆ నాలుగేళ్ళు ఆఫీసు ఎలా నడిచిందో రాశాక మళ్ళీ పంపు, పబ్లిషర్ సంగతి అప్పుడు చూద్దాం.