ప్రిజర్వేషన్ హాల్‌కి వెళ్లే ముందు

చి. అమ్మలుకి,

టులేన్ యూనివర్సిటీలో చేరి నెల తిరక్కుండానే, జాజ్ కచేరీలు జరిగే ప్రిజర్వేషన్ హాల్ గురించి అడిగావని మీ అమ్మ చెప్పింది. పదిహేనేళ్లు ఆ ఊళ్లోనే, న్యూ ఆర్లీన్స్‌లో ఉన్నవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

హాల్ అన్నారు కదా అని పెద్దగా ఊహించుకోకు. సెయింట్ పీటర్ వీధిలో 726 నంబరు పాత ఇల్లు, అందులో ఓ గది, అంతే. 1950ల్లో అది చిత్రాలు అమ్మే గ్యాలరీ. యజమాని లారీ బోరెన్‌స్టీన్ కొట్టు వదిలి కచేరీలకు వెళ్లే వీల్లేక, వాయించేవాళ్లనే అక్కడికి పిలిపించుకునేవాడు. 1961 నుంచి ఆలన్, సాండ్రా జాఫీ దంపతులు దాన్ని కచేరీల గదిగానే నడిపారు. కొత్త సంగీతం వచ్చి పని తగ్గిపోయిన ముసలి నల్లజాతి కళాకారులకు మళ్లీ వాయించే చోటు దొరికింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోవడానికే చట్టాలు అడ్డుపడ్డ రోజుల్లో ఆ బెంచీల మీద కలిసే కూర్చున్నారు.

నేను మొదటిసారి ఆలస్యంగా వెళ్లి, ఓ ఆరడుగుల మనిషి వీపు చూస్తూ ముప్పావుగంట నిలబడ్డాను. నువ్వు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. సెయింట్ చార్లెస్ ట్రామ్‌లో కెనాల్ వీధి దాకా వెళ్లి, బర్బన్ వీధి గోలలో పడకుండా రాయల్ వీధి మీదుగా నడు. బాత్రూమ్ పని ముందే చూసుకో, నేను వెళ్లే రోజుల్లో అక్కడ ఉండేది కాదు. వీలైతే బెంచీ వద్దు, ముందు నేల మీద దిండ్లుంటాయి, అక్కడ కూర్చో. ట్రాంబోన్ గొట్టం దాదాపు నీ నెత్తి మీదుగా వెళ్లొస్తుంది! మైకులు ఉండవు కాబట్టి క్లారినెట్ వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతుంది.

మన కచేరీల్లో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం అయ్యాక చప్పట్లు కొట్టినట్టే, అక్కడ ఒక్కొక్కరి వంతు అవగానే కొడతారు, పాట ఇంకా నడుస్తుండగానే. మొహమాటపడకు. ట్రంపెట్ వరసని పట్టుకుని నడుస్తుంటే క్లారినెట్ దాని పైన అల్లుకుంటూ పోతుంది. మొదట్లో అంతా ఒకటే గోలలా ఉంటుంది. మొదటి పాటకి ట్రంపెట్ ఒక్కదాని వెంటే వెళ్లు, రెండో పాటకి మిగతావీ విడివిడిగా తెలుస్తాయి.

వాయిస్తున్నంతసేపూ ఫోన్ తియ్యకు, ఒప్పుకోరు. ‘సెయింట్స్’, అదే ‘వెన్ ద సెయింట్స్ గో మార్చింగ్ ఇన్’ పాట, వాయించమని మాత్రం అడక్కు. వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతుంటే విసుగెత్తి, మిగతా పాటల కంటే దానికి ఎక్కువ రేటు రాసి బోర్డు పెట్టారు. కాసిని డాలర్ నోట్లు దగ్గరుంచుకుని, ఏదైనా నెమ్మదైన బ్లూస్ పాట అడుగు.

ఎలా ఉందో ఆ రాత్రే ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా సరే.

మావయ్య