స్ట్రిప్పులు రెండు, మందు ఒకటే: నాన్నగారి చెమటలకు కారణం ఇదేనేమో

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. హిందూపురం నుంచి ఈమధ్యే బెంగళూరులో మా ఇంటికి వచ్చేశారు. అక్కడి డాక్టరు రాసిన గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర వాడుతున్నారు. ఇక్కడ పరగడుపున షుగర్ 168 ఉందని ఇంకో డాక్టరు గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ 0.2 ఉన్న మాత్ర రాశారు. రెండూ ఉదయం ఏడింటికే వేసుకుంటారు. మా ఆఫీసు, స్కూలు హడావిడిలో టిఫిన్ పదింటికి అవుతోంది. పోయిన వారం రెండుసార్లు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. చక్కెర వేసి కాఫీ ఇచ్చినా తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇంగ్లిష్ మందులు కిడ్నీలు పాడుచేస్తాయని, అన్నీ మానేసి కాకరకాయ రసం తాగుతానంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రేపు ఉదయం మాత్రలు వేసుకునేలోపే బెంగళూరు డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన కొత్త మాత్రను పాతదానికి బదులుగా రాశారా, దాంతో పాటు వాడమన్నారా అని అడగండి. పాత మాత్ర సంగతి ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. ఆయన దొరికేదాకా రెండూ కలిపి మాత్రం వేయవద్దు. గ్లిమెపిరైడ్ తక్కువగా ఉన్న కొత్తదొక్కటే, అదీ టిఫిన్ ప్లేటు ముందుకు వచ్చాకే వేయండి.

మీరు పంపిన పేర్లు చూస్తే రెండిట్లోనూ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ ఉన్నాయి. అంటే నాన్నగారు ఉదయాన్నే 3 మిల్లీగ్రాముల గ్లిమెపిరైడ్ వేసుకుని, మూడు గంటలు ఏమీ తినకుండా కూర్చుంటున్నారు. ఈ మందు పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి తిన్నాడా లేదా అని అది చూడదు. అందుకే దీన్ని రోజులో మొదటి భోజనంతో, లేదా దానికి కాస్త ముందు వేసుకోవాలి. టిఫిన్ పదింటికైతే మాత్రా పదింటికే. ఏకాదశి ఉపవాసంలాంటివి ఉంటే ఆ రోజు డోసు ఎలాగో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరి తొందర వారిది, నిజమే. రెండు ఇడ్లీలు హాట్‌బాక్సులో పెట్టి వెళ్లినా చాలు, పెద్దాయన టైముకి తింటారు.

ఇక కాఫీ సంగతి. మామూలుగా షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇస్తే సరిపోతుంది. కానీ వోగ్లిబోస్ పేగుల్లో చక్కెర, పిండిపదార్థాలు అరగడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే చక్కెర, బిస్కెట్లు, బెల్లం త్వరగా పనిచేయవు. మెడికల్ షాపులో దొరికే గ్లూకోజు పొడే ఇవ్వాలి, దానికి అరగాల్సిన పని లేదు. 15 గ్రాములు, అంటే సుమారు ఒక పెద్ద చెంచాడు, నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత గ్లూకోమీటరుతో మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. గ్లిమెపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా ఆ రోజంతా మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచుతారు. 'బాగానే ఉన్నాడు కదా' అని బలవంతంగా ఇంటికి తెచ్చేయకండి.

స్ట్రిప్పు వెనక బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఏ మందు ఎంత ఉందో రాసి ఉంటుంది. షాపువాళ్లు స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చినప్పుడు ఆ రాత సగం తెగిపోతుంది, నాకు చిరాకు తెప్పించే అలవాటిది. పూర్తి స్ట్రిప్పే అడగండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, చివరికి జ్వరానికో, మూత్రంలో మంటకో వెళ్లినా, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు గ్లిమెపిరైడ్ ప్రభావాన్ని పెంచుతాయి.

కిడ్నీల భయం గురించి: మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. అదుపు తప్పిన షుగర్, బీపీ పాడుచేస్తాయి. అయితే కిడ్నీ పనితీరు ముందే తగ్గి ఉంటే మెట్‌ఫార్మిన్ శరీరంలో పేరుకుపోతుంది. క్రియాటినిన్ పరీక్షతో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె) 45 కంటే తగ్గితే డోసు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. బహుశా ఇలా ఆపిన వాళ్లను చూసే ఈ అపోహ పుట్టి ఉంటుంది. కిడ్నీ సరిగా లేకపోతే గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోయే ప్రమాదమూ ఎక్కువే. కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు ఈ వారమే చేయించండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు కనుక అదీ చూపించండి.

కాకరకాయ కూర తింటానంటే హాయిగా తిననివ్వండి. మాత్రలు మానేసి రసం మీద ఆధారపడటం మాత్రం వద్దు. మాత్రలతో పాటు రోజూ గ్లాసుడు రసం తాగినా షుగర్ ఇంకా పడిపోవచ్చు. పరీక్షల రిపోర్టులు వచ్చాక, ఈ వయసులో గ్లిమెపిరైడ్ అసలు కావాలా, షుగర్ ఇంతగా పడగొట్టని వేరే మందుకు మారవచ్చా అని మీ డాక్టరును అడగండి.