తొమ్మిదేళ్ళ పాపకి లూయిసా ఆల్కాట్ జీవిత కథ ఇవ్వొచ్చా?

'లిటిల్ ఉమెన్' నవల రాసిన అమెరికా రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ మీద పిల్లల పుస్తకం ఒకటి దొరికిందనీ, అందులో పేదరికం, చెల్లెలి చావు ఉన్నాయని తొమ్మిదేళ్ళ పాపకి ఇవ్వడానికి టెన్షన్‌గా ఉందనీ అడిగారు. ఇవ్వండి. అవి ఉన్నాయి కాబట్టే ఇవ్వమంటాను. ఇక్కడ వైజాగ్‌లో, ఎంవీపీ కాలనీలో మా అమ్మాయికి ఆ వయసులోనే రాత్రి అన్నాలయ్యాక కొంచెం కొంచెం ఇంగ్లీషులో చదువుతూ, అర్థం కానిచోట తెలుగులో చెప్పాను.

నలుగురు అక్కచెల్లెళ్ళు, చల్లని తల్లి, అంతా ఆనందమే అన్నట్టు రాసిన పుస్తకమైతే మాత్రం వద్దు. ఆ ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. తండ్రి బ్రాన్సన్ పెద్ద ఆలోచనాపరుడు. బడులు పెట్టాడు, నిలవలేదు. 1843లో, తనలాంటి ఆలోచనలున్న మరికొందరితో కలిసి బతకాలని ఇంటిల్లిపాదినీ ఫ్రూట్‌లాండ్స్ అనే పొలానికి తీసుకెళ్ళాడు. అక్కడ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. పత్తి బానిసల చేత పండించేది కాబట్టి నూలు బట్టలు కట్టరు, గొర్రెల నుంచి తీసేది కాబట్టి ఉన్ని కూడా వద్దు. చలికాలం వచ్చేసరికి తిండికి కరువై, ఏడాది తిరక్కుండానే అందరూ తలో దారీ పట్టారు. అక్కడికి వెళ్ళేటప్పటికి లూయిసాకి పదేళ్ళు. మా అమ్మాయి ఇక్కడ నన్ను ఆపి, "మరి వాళ్ళ నాన్న ఉద్యోగం చెయ్యరా?" అంది.

మిగతా జీవితమంతా ఆ ప్రశ్నకి జవాబే. లూయిసా బట్టలు కుట్టింది, పాఠాలు చెప్పింది, వేరేవాళ్ళ ఇంట్లో పనికి కుదిరింది, పత్రికలకి కథలు అమ్మింది. 1868లో ఆడపిల్లల కోసం ఒక పుస్తకం కావాలని ప్రచురణకర్త అడిగితే, పెద్ద ఇష్టం లేకుండానే మొదలుపెట్టి కొద్ది నెలల్లో 'లిటిల్ ఉమెన్' మొదటి భాగం పూర్తిచేసింది. రాసింది కాంకర్డ్ ఊళ్ళో ఆర్చర్డ్ హౌస్ అనే వాళ్ళ ఇంట్లో, రెండు కిటికీల మధ్య తండ్రి స్వయంగా చేసిపెట్టిన చిన్న అర్ధచంద్రాకారపు బల్ల మీద. ఆ నాన్న మీద పిల్లలకి కోపం వస్తుంది. అప్పుడు ఈ బల్ల సంగతి చెప్పండి.

మా ఇంట్లో ఎక్కువ మాటలు నడిచింది మాత్రం అమెరికా అంతర్యుద్ధం దగ్గర. నవలలో యుద్ధానికి వెళ్ళేది నాన్న. నిజానికి వెళ్ళింది లూయిసా. 1862 డిసెంబరులో, ముప్ఫై నిండిన కొద్దిరోజులకే, జార్జ్‌టౌన్‌లోని సైనికుల ఆసుపత్రిలో నర్సుగా చేరింది. కొన్ని వారాల్లోనే టైఫాయిడ్ పట్టుకుంటే నాన్నే వెళ్ళి ఇంటికి తెచ్చుకున్నాడు. "తనే వెళ్ళి నాన్న వెళ్ళాడని ఎందుకు రాసింది?" అని మా అమ్మాయి వదల్లేదు. నేను జవాబు చెప్పలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఇంట్లో ఏం జరిగిందో అమ్మమ్మని అడిగి రాయమన్నాను. కరెంటు లేని ఆ రోజుల్లో బిందెలతో నీళ్ళు మోసింది తాతయ్య. మా అమ్మాయి కథలో మోసింది అమ్మమ్మ. "అదేంటే?" అంటే, "అమ్మమ్మ చెబుతుంటే నాకు అమ్మమ్మే కనిపించింది" అంది. ఇంట్లో జరిగిన దాంట్లోంచి నవల ఎలా వస్తుందో అంతకంటే బాగా నేను చెప్పగలిగేదాన్ని కాదు.

చావు గురించి. మూడో అమ్మాయి, లూయిసా చెల్లెలు ఎలిజబెత్‌కి స్కార్లెట్ ఫీవర్ అనే అంటు జ్వరం సోకింది. ఆ తర్వాత సరిగ్గా కోలుకోక 1858లో, ఇరవై రెండేళ్ళకే పోయింది. నవలలో చెల్లెలు బెత్ ఆమే. మా అమ్మాయి ఏడ్చింది. పక్కన కూర్చున్నాను, అంతే. మీరూ ఆ పేజీలు దాటేయకండి. పెద్దవాళ్ళు దాచిన పేజీలని పిల్లలు ఎలాగూ వెతికి చదువుతారు, అదీ ఒంటరిగా.

పుస్తకం కొనేముందు ఒకటి చూసుకోండి. కొన్నిటిలో ఎవరూ అనని సంభాషణలు కల్పించి పెడతారు. లూయిసా చిన్నప్పటి నుంచీ డైరీ రాసింది. ఆ డైరీల్లోంచి ఆమె మాటలే ఇచ్చిన పుస్తకం, ఇల్లూ మనుషుల పాత ఫొటోలు ఉన్నది, మేలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూడా ఒకసారి అడిగి చూడండి.

వరుస కూడా ముఖ్యమే. ముందు నవల మొదటి భాగం, తర్వాత జీవిత కథ, ఆ తర్వాత నవల రెండో భాగం. ఇప్పుడు రెండు భాగాలూ ఒకే అట్టలో వస్తున్నాయి కాబట్టి పెద్దక్క మెగ్ పెళ్ళి నిశ్చయమయ్యే చోట ఆపేయండి. బెత్ పోయేది రెండో భాగంలో. అసలు ఎలిజబెత్ సంగతి అప్పటికే తెలిసి ఉంటే, పాప ఆ అధ్యాయాన్ని ఒక అక్క తన చెల్లెలి గురించి రాసుకున్నదిగా చదువుతుంది.