మధ్యలో దారేదమ్మా?

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. 2018 తిత్లీ తుపాను వరదలో వంశధార నీళ్లు దిగాక, మీ అమ్మమ్మ బియ్యం డబ్బాలోంచి బురద దోసిళ్లతో తోడిపోసిన చోట నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, పేరా కూడా మార్చకుండా, దీనికంతటికీ పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోయే కారణం అని రాసేశావు. అక్కడ కోపం వచ్చింది. ఒక్క తుపానుని తీసుకెళ్లి పసిఫిక్ నెత్తిన అలా రుద్దేయకూడదు.

అసలు నీ వ్యాసం దక్షిణార్ధగోళం గురించి కదా. ఉష్ణమండల సముద్రం వేడెక్కితే ఆస్ట్రేలియా ఎండుతుంది, అంటార్కిటికా మంచు తగ్గుతుంది అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. మధ్యలో దారేదమ్మా?

మామూలు ఏడాదిలో పసిఫిక్‌లో ఇండోనేషియా వైపు నీళ్లు వెచ్చగా ఉంటాయి. గాలి అక్కడ లేచి, మేఘాలు కట్టి, పైపైన తూర్పుకి పోయి దక్షిణ అమెరికా వైపు దిగుతుంది. ఎల్‌నినో వస్తే ఆ వెచ్చటి నీళ్లు సముద్రం మధ్యకి జరుగుతాయి, గాలి లేచే చోటూ వాటి వెంటే జరుగుతుంది. అప్పుడు ఇండోనేషియా, ఆస్ట్రేలియాల మీద గాలి దిగడం మొదలవుతుంది. దిగే గాలిలో మేఘం కట్టదు. ఇంతవరకు రాస్తే అక్కడి పొలం ఎందుకు ఎండిందో నువ్వు చెప్పక్కర్లేదు.

అంటార్కిటికా దారి ఇంకా అందమైనది. లేచిన గాలి బాగా ఎత్తులో పరుచుకుని అక్కడి వాతావరణాన్ని కదిలిస్తుంది. భూమి తిరుగుతోంది కనక ఆ కదలిక వేల కిలోమీటర్ల అలలుగా మెలికలు తిరుగుతూ దక్షిణానికి సాగుతుంది. వీటిని రాస్బీ తరంగాలంటారు. అవి అంటార్కిటికా ఒడ్డున అముండ్సెన్ సముద్రం మీదుండే అల్పపీడనం దాకా పోతాయి. ఎల్‌నినోలో అది సాధారణంగా బలహీనపడుతుంది, దానికి తిరగబడ్డ లానినాలో బలపడుతుంది. దాంతో గాలులు మారి, ఎల్‌నినోలో రాస్ సముద్రం వైపు మంచు తగ్గి వెడ్డెల్ సముద్రం వైపు పెరుగుతుంటుంది. నువ్వు రాసినట్టు ఖండం చుట్టూ ఒకేలా తగ్గదు.

ఈ మధ్య దారినే సంపాదకులు ముందు కోసేస్తారు. నా కుర్రతనంలో ఒకాయన గాలి గురించిన పేరాలన్నీ తీసేసి, ‘ముంచుకొస్తున్న ముప్పు’ అని హెడ్డింగ్ పెట్టి అచ్చేశాడు. ఇంకొకాయన నా తెలుగులో ఒడియా వాసన కొడుతోందని తిప్పి పంపాడు. ఈ ఊళ్లో పెరిగినవాడి తెలుగు ఈ ఊరిదే అవుతుంది. ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది. ఇప్పుడేమో మొదటి లైన్లోనే ప్రళయం రావాలట.

గిల్బర్ట్ వాకర్ సంగతి తెలుసుకో. మన దేశం వచ్చి 1904లో వాతావరణ శాఖకి పెద్ద అయ్యాడు. కరువుల దేశంలో రుతుపవనాలను ముందే పసిగట్టాలని లోకమంతటి పీడనాల లెక్కలు తీశాడు. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోందని పట్టుకున్నాడు. లెక్క దొరికింది కానీ అది ఎలా జరుగుతోందో దొరకలేదు. అందుకే చాలామంది నమ్మలేదు. 1969లో బెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త సముద్రాన్నీ గాలినీ కలిపి చూపించాకే దానికి విలువ వచ్చింది.

దారి రాస్తే ఇంకో మేలుంది, తప్పు మనిషి మీద నేరం మోపవు. 1997లో మహా ఎల్‌నినో వచ్చినా మన దేశంలో వాన మామూలుగానే పడింది. 2002లో ఓ మాదిరిదే వచ్చింది, జులై వాన దాదాపు సగానికి పడిపోయింది. 2019లో ఆస్ట్రేలియా తగలబడినప్పుడు పసిఫిక్ కంటే మన హిందూ మహాసముద్రం పాత్రే పెద్దది. ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడ్డాయి. దానికి తోడు ఆ సెప్టెంబరులో అంటార్కిటికా పైన స్ట్రాటోస్ఫియర్, అంటే మేఘాలకి పైనుండే గాలి పొర, ఉన్నట్టుండి వేడెక్కి, తూర్పు ఆస్ట్రేలియా మీదికి పొడి పడమటి గాలుల్ని తోసింది. అంటే దక్షిణం ఊరికే దెబ్బలు తినే చోటు కాదు. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

కలంపేరు, పారితోషికం గురించి అడిగావు. తర్వాత చూద్దాం. అమ్మమ్మ పేరా కదపకు, దాని కింది వాక్యం కొట్టెయ్. నాలుగో పేజీ మొత్తం తిరగరాసి ముందు నాకే పంపు, ఏ పత్రికకీ కాదు. పేజీలు పెరుగుతాయని టెన్షన్ పడకు.

— మీ మాస్టారు