పది నెలల బాబుకి నీళ్ల విరేచనాలు: పాలు మానెయ్యాలా?

నిన్నటి నుంచి బాబుకి నీళ్ల విరేచనాలని, పళ్లొచ్చేటప్పుడు మామూలేనని, పాలు మానెయ్యమని మీ అత్తయ్యగారు అంటున్నారని రాశారు. ఆగడానికి ఏ మందు వెయ్యాలని అడిగారు.

పాలు మాత్రం మానెయ్యకండి. మా పాపకి ఇదే వయసులో ఇలాగే అయింది. "తాగినదంతా పోతోంది, ఇంకెందుకు పట్టడం" అని మా ఇంట్లోనూ అన్నారు. పిల్లల డాక్టరుగారు మాత్రం విరేచనాలు ఆపే పనిలో పడొద్దన్నారు. చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. పోయిన నీళ్లు, లవణాలు తిరిగి ఒంట్లోకి చేరుతున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి. పిల్లల ప్రాణం మీదకి తెచ్చేది ఒంట్లో నీళ్లు తగ్గిపోవడమే. పెద్దవాళ్లు వేసుకునే మోషన్స్ మాత్ర అసలు వెయ్యకండి.

పోయిన నీళ్లు, లవణాలు తిరిగి చేరడానికి ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టే కొనండి, మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి. లీటరు ప్యాకెట్టయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెంగా కలిపితే పాళ్లు తప్పుతాయి. 24 గంటలు దాటితే పారబొయ్యండి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. పట్టాలి. మా పాప గ్లాసుతో పడితే వెంటనే కక్కేసేది. ఉగ్గుగిన్నెలో పోసుకుని, నిమిషానికో చెంచా చొప్పున పెదవి పక్క నుంచి వదిలితే నిలిచింది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. రాత్రంతా అదే పని, ఓపిక కావాలి.

మెడికల్ షాపుల్లో టెట్రా ప్యాక్ ఇస్తే తీసుకునేముందు లేబుల్ చదవండి. ఓఆర్‌ఎస్ పేరుతో చక్కెర పానీయాలు ఏళ్లపాటు అమ్మారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లకేళ్లు పోరాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకి ఎంత రుణపడినా తక్కువే.

జింక్ గురించి డాక్టరుని తప్పకుండా అడగండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా., 14 రోజులు ఇస్తారు. మాత్రని చెంచాడు తల్లిపాలలో వేస్తే కరిగిపోతుంది. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకండి. తర్వాత రెండు మూడు నెలలు మళ్లీ రాకుండా కూడా అది కాపాడుతుంది. పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం, అరటిపండు బాబు తిన్నంత పెట్టండి.

పళ్లు మొలవడం వల్ల నీళ్ల విరేచనాలు రావు. ఈ వయసులో కింద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, దాంతో క్రిములు లోపలికి పోతాయి.

మాడు గుంటపడినా, కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా ఉచ్చ పొయ్యకపోయినా, మలంలో రక్తం కనిపించినా, మత్తుగా పడి ఉండి తాగకపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాబు ఉచ్చ ఎన్నిసార్లు పోశాడో మీరు రాయలేదు, ముందు అది చూడండి.