బత్తాయి, అగ్గిపుల్ల, గురుత్వాకర్షణ

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "గురుత్వాకర్షణ కూడా ఒక గేజ్ సిద్ధాంతమే" అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు పంటి కింద రాయి తగిలింది. ఆ 'కూడా' అన్న మాటను అంత తేలిగ్గా వాడేశావేమిటి?

ముందు గేజ్ సంగతి. తొలిరోజుల్లో నేను దాన్ని 'మాపకం' అని అనువదించి తెగ మురిసిపోయాను. ఆ పరికరం ఏ దుకాణంలో దొరుకుతుందని ఓ పాఠకుడు కార్డు రాశాడు. అప్పటి నుంచి గేజ్‌ను గేజ్‌గానే ఉంచుతున్నాను. మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ ఎరిగిన మనవాళ్లకు అందులో కొలత ఉందని తెలుసు. 1918లో గణితవేత్త హెర్మన్ వైల్ మొదలుపెట్టిందీ కొలతతోనే. చోటు మారితే కొలబద్ద పొడవు కూడా మారవచ్చని ఊహించి, గురుత్వాన్నీ విద్యుదయస్కాంతాన్నీ ఒకే గూటికి చేర్చాలనుకున్నాడు. ఐన్‌స్టీన్ ఒప్పుకోలేదు. అలాగైతే వేర్వేరు దారుల్లో తిరిగొచ్చిన రెండు హైడ్రోజన్ పరమాణువుల వర్ణపట రేఖలు వేర్వేరుగా ఉండాలి. అలా ఉండవు కదా! 1929లో వైల్ కొలబద్దను వదిలేసి, అదే ఆలోచనను ఎలక్ట్రాన్ తరంగపు దశకు, అంటే అల ఏ ఘట్టంలో ఉందో చెప్పే కోణానికి, తగిలించాడు. అది నిలిచింది. చోటుచోటుకీ కొలతను మన ఇష్టం వచ్చినట్టు ఎంచుకున్నా భౌతిక నియమాలు మారకూడదన్న పట్టుదల మీద కట్టినదే గేజ్ సిద్ధాంతం. నీ వ్యాసంలో ఈ కథ ఒక్క ముక్కా లేదు.

నిర్వచనాల జోలికి పోకుండా ఒక బత్తాయి తీసుకో. తొడిమ దగ్గర అగ్గిపుల్లను పడుకోబెట్టు. దాన్ని తిప్పకుండా పండు నడుము దాకా దించు, నడుము వెంబడి పావు చుట్టు జరుపు, మళ్లీ తొడిమ దగ్గరికి ఎక్కించు. దారిలో ఎక్కడా తిప్పలేదు, అయినా పుల్ల 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ఆ మిగులే వక్రత. ఎలక్ట్రాన్ దశను ఓ చుట్టు తిప్పి తెచ్చినప్పుడు మిగిలే తేడా విద్యుదయస్కాంత క్షేత్రం. 2004లో ఎగిరిన గ్రావిటీ ప్రోబ్ బి అనే ఉపగ్రహం ఈ పుల్ల ఆటనే భూమి చుట్టూ ఆడింది. పింగ్‌పాంగ్ బంతులంత గైరోస్కోపుల, అంటే గిర్రున తిరిగే గోళాల, అక్షం ఏడాదికి సుమారు 6.6 ఆర్క్ సెకండ్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకండ్) వాలింది. ఆ లెక్కన ఒక డిగ్రీ వాలాలంటే 500 ఏళ్లు దాటుతుంది!

ఇక్కడిదాకా పోలిక హాయిగా నడుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. 1954లో యాంగ్, మిల్స్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఈ గేజ్ ఆలోచనను విద్యుదయస్కాంతం దాటి విస్తరించారు. ఆ తరహా పద్ధతిని 1956లో ఉతియామా అనే మరో శాస్త్రవేత్త లోరెంట్జ్ భ్రమణాలకు, అంటే స్థలకాలంలో దిక్కులనూ వేగాన్నీ మార్చే మార్పులకు, వర్తింపజేశాడు. వక్రత దొరికింది. కానీ ప్రతి బిందువు దగ్గరా ఉండాల్సిన మూడు కొలబద్దలు, ఒక గడియారం, అంటే టెట్రాడ్, తనంతట తాను రాలేదు. విడిగా తెచ్చిపెట్టుకోవాల్సి వచ్చింది. 1961లో కిబుల్ అనే భౌతిక శాస్త్రవేత్త భ్రమణాలకు స్థానాంతరాలనూ, అంటే చోటు జరుపుడునూ, జోడించాక అది కూడా గేజ్ వరసలోకి వచ్చింది. వెంట పిలవని పేరంటంగా టార్షన్ అనే మెలి వచ్చింది. ఆ సిద్ధాంతంలో అది స్పిన్ (కణాలకు సహజంగా ఉండే భ్రమణ గుణం) ఉన్న పదార్థం లోపలే ఉంటుంది, బయట కనబడదు.

అప్పటికీ వియ్యం పూర్తిగా కుదరలేదు. యాంగ్-మిల్స్ యాక్షన్‌లో, అంటే సిద్ధాంతపు సమీకరణాలన్నీ పుట్టే మూల సూత్రంలో, వక్రత వర్గంగా వస్తుంది. ఐన్‌స్టీన్ యాక్షన్‌లో ఒంటిగా వస్తుంది. మిగతా బలాల్లో తిప్పేది కంటికి ఆనని లోపలి సూచికను, ఇక్కడ స్థలకాలపు దిక్కులనే. నీ 'కూడా' ఈ రెండు తేడాలను మింగేసింది. నన్నడిగితే వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది, సగం పేజీ వాటికే ఇవ్వు.

రెండో పేజీలోని రబ్బరు షీటు బొమ్మ తీసేయ్. దసరాలోపు తిరగరాసి పంపు. అన్నట్టు, గట్టి కాయనే ఎంచుకో. మెత్తబడిన పండుకు పుల్ల గుచ్చుకుపోతుంది.

ఆశీస్సులతో,
మాస్టారు