ఆధార్ పక్కన పెట్టి, ముందు షీట్ రోల్ నకలు తెప్పించండి

మీ మామగారు 1983లో సైన్యం నుంచి హవల్దారుగా పెన్షనుతో వచ్చారని, ఈ మధ్యనే కాలం చేశారని, ఇప్పుడు అత్తగారికి కుటుంబ పెన్షను వస్తున్నా కాగితాలలో ఆవిడ పుట్టిన సంవత్సరం తప్పుగా ఉందని రాశారు. ఆధార్ కార్డు జతచేస్తే దానిని మారుస్తారా అన్నది మీ ప్రశ్న. ఆధార్ ఒక్కటే పంపితే మార్చరు. ముందు షీట్ రోల్, అంటే సైన్యపు రికార్డు ఆఫీసులో ఉండే ఆయన సర్వీసు, కుటుంబ వివరాల పత్రం, నకలు తెప్పించాలి. మా అమ్మకు అచ్చంగా ఇదే చిక్కు వచ్చింది, చివరకు సరయింది కూడా, అందువల్ల ఈ విషయంలో కొంత గట్టిగానే మాట్లాడతాను.

పెన్షను ఎలాగూ వస్తున్నది కదా, ఈ వయస్సులో తేదీ గురించి తిరుగుళ్ళు ఎందుకని మీ ఇంట్లో ఎవరైనా అంటే వారికి లెక్క చూపించండి. ఆరవ వేతన సంఘం తరువాత పెన్షనరుకైనా, కుటుంబ పెన్షనరుకైనా 80 ఏళ్ళు నిండే నెల మొదటి తేదీ నుంచి మూల పెన్షను మీద 20 శాతం అదనంగా ఇస్తున్నారు. 85 నిండితే అది 30 శాతం, 90కి 40, 95కు 50, నూరేళ్ళు నిండితే నూరు శాతం. ఈ వయస్సును పీపీవోలో, అంటే పెన్షను చెల్లింపు ఉత్తరువులో, ఉన్న తేదీని బట్టి కడతారు గాని, మంచం మీద కూర్చున్న మనిషిని చూసి కట్టరు. మా అమ్మ 1944లో పుట్టింది. కాగితం మాత్రం 1954 అన్నది. 2024లో మొదలు కావలసిన అదనపు పెన్షను ఆ కాగితం ప్రకారం 2034 దాకా ఆగవలసి వచ్చేది.

పాత పీపీవోలలో చాలావాటిలో భార్య పుట్టిన తేదీయే ఉండదు. అటువంటి కుటుంబాలు ఒక విధంగా అదృష్టవంతులు. లేని తేదీని పాన్ కార్డో, పాస్‌పోర్టో, పదవ తరగతి సర్టిఫికెట్టో చూపి చేర్పించుకోవడం అంత కష్టం కాదు. ఒకసారి ఎక్కిన తప్పు తేదీని దించడమే కష్టం, ఎందుకంటే అక్కడ ఒక అధికారి తన కార్యాలయం రాసినది తప్పని సంతకం చేయవలసి ఉంటుంది.

ఇక ఆ తప్పు ఎక్కడ పుట్టిందన్నది అసలు సంగతి. పెన్షనర్లు బ్యాంకును తిడతారు, ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షను ప్రధాన కార్యాలయాన్ని తిడతారు, ఈ మధ్య రక్షణ శాఖ పెన్షన్ల కోసం పెట్టిన స్పర్శ్ వెబ్‌సైటును మరీ తిడుతున్నారు. ఇవన్నీ కింది కాలువలే గాని తూము కాదు. జవానుకు పెళ్ళయినా, బిడ్డ పుట్టినా యూనిట్ కార్యాలయంలో గుమాస్తా ఆ సంగతి నమోదు చేస్తూ ఒక పార్ట్ టూ ఆర్డరు రాస్తాడు. అది రికార్డు ఆఫీసుకు చేరిన తరువాత అక్కడి షీట్ రోల్‌లో చేతితో ఎక్కిస్తారు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కును ఆ షీట్ రోల్ చూసి నింపుతారు, పీపీవోకు వివరాలూ అక్కడి నుంచే వెళతాయి, ఆ పీపీవోలోని వివరాలే ఇప్పుడు స్పర్శ్‌లో కనబడుతున్నాయి. సరిహద్దులో ఎక్కడో టెంటులో కూర్చుని, తెలుగు పేర్లూ తెలుగు ఊళ్ళూ జన్మలో వినని గుమాస్తా రాసిన ఒక్క వరుస అరవై ఏళ్ళ పాటు అలా నకలు మీద నకలుగా ప్రయాణిస్తుంది. పదింట తొమ్మిది తప్పులు ఆ టెంటులోనే పుట్టాయని నా నమ్మకం. లెక్క చూపమంటే చూపలేను, కానీ నన్ను అడగడానికి వచ్చినవారి కాగితాలు చూసిన తరువాత ఆ నమ్మకం మరింత గట్టిపడిందే గాని సడలలేదు.

మేము మొదట రికార్డు ఆఫీసుకు పంపిన దరఖాస్తుకు, ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని రెండు వాక్యాలలో జవాబు వచ్చింది. ఆ మాట అన్యాయమని కూడా అనలేము. వయస్సు నోటితో చెప్పిన పెద్దవారిలో ఎందరికో ఆధార్ కేంద్రాలలో జనవరి ఒకటో తేదీ వేసి పంపించారు, ఊళ్ళో సగం మంది ముసలివారు ఒకే రోజున పుట్టినట్లున్నారు. మీ అత్తగారి కార్డులో కూడా జనవరి 1 అని ఉంటే, ఆ కార్డును రుజువుగా పంపకపోవడమే మేలు.

ఆ తరువాత అమ్మ పేరుతో, అమ్మ సంతకంతో, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నాన్నగారి షీట్ రోల్‌లో కుటుంబ వివరాలున్న పుటల ధ్రువీకృత నకలు కావాలని, పెళ్ళికి సంబంధించిన పార్ట్ టూ ఆర్డరు ఉంటే అది కూడా కావాలని అడిగాము. పార్ట్ టూ ఆర్డరు లభ్యం కాలేదని రాశారు. షీట్ రోల్ పుటలు మాత్రం వచ్చాయి. మసకబారిన సిరా, మడతల దగ్గర నలిగిన అక్షరాలు, వరుసకొక చేతిరాత. భార్య అన్న చోట పుట్టిన సంవత్సరం 1954 అని ఉంది, పెళ్ళి జరిగిన సంవత్సరం 1961 అని ఉంది. దానికి కొద్దిగా కింద, వేరొక చేతిరాతలో, పెద్ద కుమార్తె పుట్టినది 1963 అని ఉంది. ఆ కాగితం ప్రకారం మా నాన్నగారు ఏడేళ్ళ పిల్లను పెళ్ళాడారు, ఆ పిల్ల తొమ్మిదో ఏట మా అక్కను కన్నది. అక్కడ కూర్చున్న అమ్మ అది విని నవ్వింది గాని, నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ పుటను చూసి డిశ్చార్జి బుక్ నింపినవారున్నారు, పెన్షను కాగితాలు తయారు చేసినవారున్నారు, మా దరఖాస్తుకు జవాబు రాసినవారున్నారు. వీరిలో ఒక్కరైనా పై వరుసనూ కింది వరుసనూ కలిపి చదవలేదు.

మాకు దారి చూపింది ఆ పుటే. మేము తెచ్చిన కాగితాన్ని వారు శంకించవచ్చు, కానీ తమ ముద్రతో తామే పంపిన కాగితాన్ని శంకించలేరు కదా. రెండవ దరఖాస్తులో ఆధార్ ఊసే ఎత్తకుండా, మీ రికార్డులోని ఈ రెండు తేదీలు ఒకదానితో ఒకటి పొసగవు, కుమార్తె పుట్టిన తేదీని మీరే ఆర్డరుగా ప్రచురించారు కనుక భార్య తేదీయే తప్పు కావాలి అని రాశాము. బయటి రుజువు కూడా ఒకటి ఉండాలి కాబట్టి అమ్మ అయిదవ తరగతి దాకా చదివిన ఊరి బడికి వెళ్ళాను. ప్రధానోపాధ్యాయురాలు ఎంతో ఓపికతో పాత బీరువా తెరిపించి, చెదలు తిన్న రిజిస్టర్ల మధ్య నుంచి అమ్మ చేరిన సంవత్సరపు అడ్మిషన్ రిజిస్టరును వెతికి తీసి, అందులోని వివరాలను స్వయంగా రాసి సంతకం చేసి ఇచ్చారు. దానితో పాటు నోటరీ అఫిడవిట్టు పెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపాము. ఈసారి రికార్డు ఆఫీసు తన పుస్తకంలో దిద్ది, పెన్షను కార్యాలయానికి రాసి, కరిజెండమ్ పీపీవో, అంటే సవరించిన పీపీవో, వచ్చేలా చేసింది. అదనపు పెన్షను 2024 నుంచి బకాయితో సహా జమ అయింది.

ఒక సంగతి కలిపి చూడకండి. సైనికుడి సొంత పుట్టిన తేదీ వేరు, భార్య పుట్టిన తేదీ వేరు. సైనికుడి తేదీ మారితే సర్వీసు, ప్రమోషను, రిటైర్మెంటు అన్నీ కదులుతాయి, అందుకే దానిని ఉద్యోగం చివరలో ముట్టుకోనివ్వరు. సైన్యాధిపతిగా ఉన్న జనరల్ వి.కె.సింగ్‌కే అది సాధ్యపడలేదు. ఆయన పుట్టినది అడ్జుటెంట్ జనరల్ శాఖలో 1951 మే 10గాను, మిలిటరీ సెక్రటరీ శాఖలో 1950 మే 10గాను ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2012 ఫిబ్రవరిలో పిటిషను వెనక్కు తీసుకున్నారు, ఆ ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు. భార్య తేదీకి ఇంత పట్టుదల అక్కరలేదు, ఎందుకంటే దానివల్ల ఎవరి సీనియారిటీ మారదు. అయినా రెండింటినీ ఒకే గాటన కట్టి నిబంధనలు ఒప్పుకోవని రాసే గుమాస్తాలున్నారు. అటువంటి జవాబు వస్తే అది ఏ నిబంధనో సంఖ్యతో సహా చెప్పమని మర్యాదగా తిరిగి రాయండి.

మీ మామగారిది ఏ రెజిమెంటో రాయలేదు. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం), ఆర్డినెన్సు కోర్ రికార్డులు సికింద్రాబాదులోనే ఉన్నాయి, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాసు ఇంజనీర్లకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్సుకు జబల్‌పూర్. అత్తగారి పేరుతోనే రాయించండి, ఆర్మీ నంబరు, పీపీవో నంబరు ప్రతి పుట మీద ఉండాలి. అంతా తామే చూసుకుంటామని డబ్బు పుచ్చుకునే మధ్యవర్తులకు అసలు డిశ్చార్జి బుక్ ఇవ్వకండి. కాగితాలన్నీ సరిగా ఉన్నా నిరాకరిస్తే మన రెండు రాష్ట్రాల కేసులు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి ముందుకు వెళతాయి. షీట్ రోల్ నకలు చేతికి వచ్చాక అందులో పిల్లల తేదీలు, పెళ్ళి తేదీ ఎలా ఉన్నాయో ఇక్కడే రాయండి, దరఖాస్తు ఏ వాదంతో మొదలుపెట్టాలో అప్పుడు చెప్పగలను.